ఆయతి చెయ్యి

సెప్టెంబరు 4

విత్తు పడింది. పెరట్లో ఆరు మళ్ళు, ఒక్కొక్కటీ మంచమంత. ఏటి ఒడ్డున చేలున్న వాళ్ళందరికీ పొగాకు నారు ఈ పెరట్లోంచే వెళ్ళాలి. శబరి పొంగితే ఊళ్ళో నీళ్ళెక్కని పెరడు ఇదొక్కటే మరి. మా ఆయన కిరండూల్ గనుల క్వార్టరు వదిలేసి ఇక్కడ, కొంటా దగ్గర, ఇల్లు కట్టిస్తానన్నప్పుడు ఈ మెరక మీద ఏం పండుతుందని నవ్వాను. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు ఊళ్ళో నాకున్న మర్యాదంతా ఈ మెరకదే.

మొదటి విత్తు ఆయతి చల్లింది. ఇక్కడి అలవాటు అది. వడ్లైనా, మినుములైనా, పొగాకైనా, మంచి చెయ్యి అనిపించుకున్న మనిషి మొదటి పిడికెడు చల్లాలి. ఈ ఊరికి ఆ చెయ్యి ఆయతిది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదటిసారి ఎండలోకి ఎత్తుకొచ్చేదీ ఆవిడే. నలభై దాటిన దొర్ల తెగ మనిషి, మొగుడు లేడు, మంగి అని ఒక్కతే కూతురు. పసుపునీళ్ళతో ఆవిడ చేతులు కడిగి, పీట వేసి, తూర్పుకి కూర్చోబెట్టి బెల్లపన్నం పెట్టాను. గనుల ఊళ్ళో ముప్పై ఏళ్ళు బతికినదాన్ని, ఇలాంటివి నమ్మను. అలాగని ఆవిణ్ణి పిలవకుండా విత్తనం చల్లే ధైర్యమూ చెయ్యలేదు.

పొగాకు విత్తనం ఆవగింజ పక్కన పెడితే దుమ్ములా ఉంటుంది. జల్లించిన బూడిదలో, ఇసకలో కలిపి చల్లాలి.

"ఇంత పల్చగా చల్లితే ఏటి మొలుస్తాది?" అన్నాను.

"గాలి ఆడాలె అమ్మా. ఒకదాని మీద ఒకటి పడితే మురుగుతయ్," అంది. చల్లుతూ మడి వైపు చూడను కూడా చూడలేదు. నాతో మాట్లాడుతూనే చల్లేసింది.

సెప్టెంబరు 5

వాన.

సెప్టెంబరు 12

మొలిచాయి. వంగి చూస్తే గాని కనపడవు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు చిలకరిస్తున్నాను.

సెప్టెంబరు 18

పడిపోతున్నాయి. మొదలు దగ్గర నల్లబడి, నీరు పట్టి, పక్కకి ఒరిగిపోతున్నాయి. మొన్న అరచేతంత మేర. ఇవాళ రెండు మళ్ళలో సగం.

ఆయతికి కబురు పెట్టాను. వచ్చి మట్టి ముట్టుకుని చూసింది.

"రోజుకు ఎన్నిసార్లు పోస్తున్నవు?"

"రెండు."

"పసిబిడ్డకు పొద్దంత పాలు పట్టినట్టున్నది నీ పని. వానలు పడుతుండంగ నీళ్ళు ఎందుకు?"

నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. నా పెరట్లో నిలబడి నన్ను అడుగుతోంది. ఒళ్ళు మండింది. మళ్ళ చుట్టూ కాలవలు తీసింది. పైన కప్పిన ఈతాకులు తీసిపారేసింది. ఒత్తుగా ఉన్నచోట పీకి, పొడి బూడిద, ఇసక చల్లింది. రెండు రోజులు నీటిచుక్క పోయొద్దని చెప్పి వెళ్ళింది.

సెప్టెంబరు 23

నిలబడ్డాయి. ఒరగడం ఆగిపోయింది.

ముసలయ్యన్న వచ్చాడు. ఏటి ఒడ్డున అందరికన్నా పెద్ద పొలం చెక్క ఈయనదే, ఊళ్ళో ఈయన మాట చెల్లుతుంది. నేనిచ్చిన టీ తాగుతూ, నా అరుగు మీద కూర్చుని, "నీ పెరడు ఆయతి చేతిల బతుకుతున్నది, చెల్లె" అన్నాడు.

పెరడు నాది. విత్తనం నేను దాచాను. బూడిద నేను జల్లించాను.

సెప్టెంబరు 24

సాయంత్రం స్నానాలగది వెనక కాసేపు కూర్చున్నాను.

సెప్టెంబరు 25

పొద్దున్న కూడా కూర్చున్నాను.

సెప్టెంబరు 27

ఇక్కడ రాసుకోవడానికి ఎవరి భయం? చుట్ట తాగుతున్నాను. అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకునే అలవాటు మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళది. మా అమ్మ తాగేది, అమ్మమ్మ తాగేది. బయటికి నిప్పు కనపడదు. పొగ కూడా పెద్దగా రాదు. పనులు ఆపక్కర్లేదు.

పోయినేడు అంగిట్లో తెల్లమచ్చ వచ్చింది. మా అబ్బాయి చిన్నా బచేలి ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాడు. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇప్పటికి ప్రమాదం లేదు, మానకపోతే మాత్రం చెప్పలేం అన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే ప్రశాంతి, మా కోడలు, ఏడాదిన్నర చాందినిని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. "మనవరాలి తల మీద చెయ్యేసి చెప్పండి అత్తయ్యా" అంది. వేసి చెప్పాను.

జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాను. జులైలో చాందినికి మలేరియా వచ్చింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది.

మలేరియా దోమ వల్ల వస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు.

సెప్టెంబరు 29

స్నానాలగది వైపున్న మూడు మళ్ళూ ఇక నేనే చూసుకుంటానని ఆయతికి చెప్పాను. అటువైపు మూడు ఆవిడని చూసుకోమన్నాను.

"నీకు నడుము నొప్పి గద అమ్మా."

"నా నడుము గొడవ నీకెందుకు?"

నవ్వి వెళ్ళిపోయింది. మంచి చెయ్యి ఒక్కరికే ఉంటుందేమిటి? నా మూడు మళ్ళూ ఆవిడ మూడింటికన్నా బాగా రావాలి. అప్పుడు ముసలయ్యన్న ఏమంటాడో చూస్తాను.

అక్టోబరు 2

వెనకాల కూర్చుని లేచి, అటునుంచి అటే మళ్ళలోకి. గడ్డి పీకాను, ఒత్తుగా ఉన్నచోట మొక్కలు తీసి పల్చగా ఉన్నచోట పెట్టాను. ఒక్కో మొక్కనీ వేళ్ళతో నిలబెట్టి మట్టి అదిమాను. మూడు రోజులుగా ఇదే పని. నడుము విరిగిపోతోంది. మళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి.

అక్టోబరు 10

ఆకుల మీద మచ్చలు. ఒకచోట లేతపచ్చ, దాని పక్కనే ముదురుపచ్చ. ఆకు సాఫీగా లేదు, బుడిపెలు లేచి ముడుచుకుపోయింది. పురుగేమో అని తిరగేసి చూశాను. ఏమీ లేదు. మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు కొట్టాను.

నా మూడు మళ్ళలోనే.

అక్టోబరు 13

తగ్గలేదు. పెరుగుతోంది. అటు మూడు మళ్ళూ కళకళలాడుతున్నాయి. అటువైపు ఎండ బాగా తగులుతుంది. అందుకే అయివుంటుంది.

అక్టోబరు 14

ముసలయ్యన్న చూశాడు. ఒక ఆకు తుంచి వెలుతురుకి ఎత్తి పట్టాడు. ఈ నారు పోతే ఏటి ఒడ్డున ఈ ఏడు పొగాకు లేనట్టే.

"ఎవరి చెయ్యి పడ్డది దీని మీద?"

"విత్తు దగ్గర్నించి ఆయతి చెయ్యే కదేటి?" అన్నాను.

అబద్ధం కాదు. విత్తు ఆవిడే చల్లింది. అందరూ చూశారు.

ఆయన తల పంకించాడు. "మొగుడు పోయినప్పటిసంది అనుకుంటనే ఉన్న," అన్నాడు. మొగుడు పోయి పదేళ్ళయింది. ఈ పదేళ్ళూ ఆవిడ చేతే ఆయన చేల్లో మొదటి విత్తు వేయించాడు. ఆ మాట గుర్తు చేద్దామనుకున్నాను. అంతలో పాలు పొంగాయి, లోపలికి వెళ్ళాను.

అక్టోబరు 16

ఆయతి వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది.

"మినుముల విత్తనానికి రేపు రమ్మని చెప్పి, ఇయ్యాల వద్దన్నరు. నా చెయ్యి ఏమన్నా చేసిందా అమ్మా?"

"నేనేటన్నాను? నేనేం అనలేదు."

"నువ్వు అన్నవని నేను అనలేదు గద," అంది.

నిజమే. ఆవిడ అనలేదు. నేనే తొందరపడ్డాను.

"నా మళ్ళు మంచిగనే ఉన్నయ్ గద?" అని లోపలికి తొంగి చూసింది. నారు కుదుటపడేదాకా ఎవరినీ రానివ్వడం లేదని చెప్పాను. అలాగే అని వెళ్ళిపోయింది. వెళ్తూ గేటు గొళ్ళెం పెట్టి వెళ్ళింది.

అక్టోబరు 18

వ్యవసాయాఫీసులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి ముసలయ్యన్న మోటారు సైకిలు మీద ఎక్కించుకొచ్చాడు. పేరు దుర్గేశ్. భద్రాచలం వైపు వాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. ఆకు చూడగానే చెప్పేశాడు.

"ఇది వైరస్ తెగులమ్మా. దీన్ని తెచ్చేది మనిషి చెయ్యే. ఎండిన పొగాకులో ఏళ్ళతరబడి బతికే ఉంటుంది. చుట్టో ఖైనీయో ముట్టుకున్న చెయ్యి కడుక్కోకుండా లేత నారుని ముట్టుకుంటే ఎక్కేస్తుంది. అదే చేత్తో పక్క మొక్కని ముట్టుకుంటే దానికీ వస్తుంది."

"మందు?"

"లేదు. వచ్చినవి, వాటి పక్కవి పీకి దూరంగా పూడ్చెయ్యండి. సబ్బుతో చేతులు కడిగి, ఆపైన పాలలో ముంచుకుని పని చెయ్యండి. పాలు నీళ్ళలో కలిపి మళ్ళ మీద కూడా చల్లొచ్చు. ఇంట్లో చుట్ట తాగేవాళ్ళున్నారా?"

"లేరు. నేనొక్కదాన్నే ఉంటాను."

"పనివాళ్ళు?"

"ఏమో నాయనా. అడవి మనుషులు. నోట్లో ఏం వేసుకుంటారో మనం చూస్తామా?"

ఆయతి ఖైనీ ముట్టదు. తంబాకు వాసనకే ముక్కు మూసుకుంటుంది. నాకు తెలుసు.

దుర్గేశ్ హిందీలో ఏదో కాగితం మీద రాసుకున్నాడు. ముసలయ్యన్న మిగతా మాటలేవీ వినలేదు. "చూసినవా చెల్లె, ఆఫీసాయన గూడ చేతి నుంచే అన్నడు" అంటూ అతన్ని తీసుకెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా అదే మాట.

అక్టోబరు 19

రాసి చూసుకుందాం. ఆ తెగులు తెచ్చింది నేను.

చెప్పాలంటే ఎలా చెప్పాలి? ముసలయ్యన్నా, చుట్ట తాగిన చేత్తో నేనే పాడుచేశాను అనాలి. ఆ మాట రేపు చిన్నా చెవిన పడుతుంది. ఎల్లుండికి ప్రశాంతికి తెలుస్తుంది. నా కూతురి తల మీద ఒట్టేసి తప్పారు, అందుకే దానికి మలేరియా వచ్చింది అంటుంది. చదువుకున్న పిల్లే, అయినా అంటుంది. అంటే నేనేం జవాబు చెప్పను? జులైలో ఆసుపత్రి వరండాలో నేనూ అదే అనుకున్నాను. ఆ పిల్లని మళ్ళీ నా ఒళ్ళో కూర్చోబెట్టదు.

ఆయతికి ఏం పోయింది? విత్తనం చల్లే పని ఏడాదికి పది రోజులు. నాలుగు నెలలు పోతే అందరూ మరిచిపోతారు.

అక్టోబరు 20

ఇవాళ తాగలేదు. సగం నారు పీకి గొయ్యి తీసి పూడ్చాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి పాలలో ముంచాను. అరవై ఏళ్ళకి చేతులు పాలలో ముంచుకునే భోగం పట్టింది నాకు.

అక్టోబరు 21

తాగలేదు. తలనొప్పి.

అక్టోబరు 23

తాగలేదు. ఖాళీ అయిన చోటల్లో ఆయతి మళ్ళలోంచి నారు తీసి పెట్టాను. ఆ మూడు మళ్ళలో ఒక్క మచ్చ లేదు. ఆవిడ చెప్పినట్టే బెత్తెడు ఎడం వదిలాను, గాలి ఆడాలి కదా.

అక్టోబరు 28

చిన్నా, ప్రశాంతి, చాందిని సెలవులకి వచ్చారు. చాందిని నారుమళ్ళ గట్టు మీద చెప్పులేసుకుని నడుస్తోంది. ఒళ్ళు చేసింది. ఎత్తుకుంటే బరువుంది.

మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. కిటికీ అవతల, గేటు దగ్గర ప్రశాంతి గొంతు. ఆయతి మంగిని ఆసుపత్రిలో చూపించి తీసుకొస్తోంది. మంగికి నెలలు నిండుతున్నాయి.

"ఆయతీ, ఒకటి అడుగుతాను నిజం చెప్పు. అత్తయ్య మళ్ళీ చుట్ట మొదలెట్టారా? స్నానాలగది దగ్గర నాకు వాసన వస్తోంది."

గరిట పక్కన పెట్టి కిటికీ దగ్గరికి జరిగాను.

"లేదమ్మా," అంది ఆయతి. "ఎప్పుడో మానింది. నేను రోజు వస్తుంటి గద, ఉంటే నాకు తెల్వదా? ఆ వాసన నాదే. కట్టెలపొయ్యి కాడ కూసుంట, చీరకు పడతది."

ఆవిడకి తెలుసు. మొదట్నించీ చూస్తూనే ఉంది.

అక్టోబరు 29

నిద్ర లేచిన దగ్గర్నించీ కోపంగా ఉంది. ఎవరు అడిగారు ఆవిణ్ణి అబద్ధం చెప్పమని? నేను బతిమాలానా? నా గుట్టు గుప్పిట్లో పెట్టుకుని, నన్ను కాపాడినట్టు మొహం పెట్టుకుని నడిచిపోయింది. ఇంకా ఒకటుంది. దుర్గేశ్ చెప్పిన చుట్ట సంగతి ఎవరైనా పూర్తిగా చెప్తే ఆవిడకి క్షణంలో అర్థమైపోతుంది. మట్టి ముట్టుకుని రోజుకి ఎన్నిసార్లు పోస్తున్నావని అడిగిన మనిషి.

ఆవిడ నలుగురితో కలవనంత కాలం ఎవరూ చెప్పరు.

నవంబరు 1

పిల్లలు వెళ్ళిపోయారు. ముసలయ్యన్న వచ్చి మళ్ళు చూశాడు. కొత్త ఆకులు శుభ్రంగా, వెడల్పుగా వస్తున్నాయి.

"ఆమెను దూరం పెట్టినంక ఎట్ల తిరిగిందో చూడు. మరి శనగలకు ఏం చేద్దాం? పిలుద్దమా ఆమెను?"

"మీ ఇష్టం అన్నా. నేనైతే పిలవను."

 

నవంబరు 5

చేతిపంపు దగ్గర చూశాను. ఆయతి బిందె పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. అందరూ పట్టుకుని వెళ్ళేదాకా పంపు కొట్టకూడదట. ఆఖరున ముసలయ్యన్న కోడలు వచ్చి, ఆయతి పిడి ముట్టుకోకుండా తనే కొట్టి పెట్టింది. ఆ పిల్ల అది పుణ్యం అనుకుంది. ఆయతి దణ్ణం పెట్టింది.

నేను ఇంకో దారిన వచ్చేశాను.

నవంబరు 9

ఆయతి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చింది. గొళ్ళెం ముట్టుకోలేదు, బయటినుంచి పిలిచింది.

"రేపు పెద్దమనుషులు కూసుంటరట నా గురించి. నువ్వు చదువుకున్నదానివి. నారు నీది. నువ్వు ఒక్క మాట చెప్తే ఇంటరు."

"ఏటని చెప్పమంటావు?"

"నీకు తెలిసింది చెప్పు."

నా కళ్ళలోకి చూడలేదు. బెదిరిస్తోందా అనుకున్నాను. కాదు. ఆవిడ నా మళ్ళ వైపు చూస్తోంది. "మంచిగ వచ్చినయ్ అమ్మా," అంది. ఆ మాట అన్నప్పుడు మొహంలో నిజంగా సంతోషం ఉంది. అది భరించలేననిపించింది.

నవంబరు 10

వెళ్ళాను. ఇరవై మంది దాకా ఉన్నారు. ఆయతి దూరంగా నేల మీద కూర్చుంది. ముసలయ్యన్న నన్ను అడిగాడు.

"ఆఫీసాయన చేతి వల్లనే వచ్చిందన్నాడు. ఆవిడ రావడం మానేశాక తగ్గింది. నాకు తెలిసింది ఇంతే," అన్నాను.

ఆ మాటల్లో అబద్ధం ఎక్కడుంది? దారంతా వెతుక్కుంటూ వచ్చాను. మొదటిదాంట్లో లేదు. రెండోదాంట్లో లేదు. మూడోది అనకుండా ఉండాల్సింది.

ఆవిడ ఇక విత్తనం, నారు, పసిబిడ్డల్ని ముట్టుకోకూడదని పెద్దమనుషులు చెప్పారు. ఆయతి లేచి నిలబడి తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

నవంబరు 11

తాగాను. రెండు.

నవంబరు 17

నారు జానెడు పెరిగింది. కాడ గట్టిపడాలని నీళ్ళు తగ్గించాను. ఇంత మంచి నారు ఈ పెరట్లో ఎప్పుడూ రాలేదని అందరూ అంటున్నారు. మొదటి మొక్క నన్నే తియ్యమన్నారు. పసుపునీళ్ళు తెచ్చి ముసలయ్యన్న భార్య నా చేతులు కడిగింది. పీట వేశారు, బెల్లపన్నం పెట్టారు.

తిన్నాను. బాగుంది.

నవంబరు 20

మంగికి ఆడపిల్ల. ఆసుపత్రిలోనే. తల్లీబిడ్డా క్షేమం.

నవంబరు 28

ఆయతి కొడవలి లేకుండా, గంప లేకుండా, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని వచ్చింది.

"రేపు బిడ్డను ఎండకు తేవాలె. నువ్వు రావాలె అమ్మా."

"మీ మనుషులెవరూ లేరా?"

"నీ చెయ్యి మంచిది. అందరు అంటున్నరు."

రానని చెప్పడానికి కారణం వెతికాను. దొరకలేదు.

నవంబరు 29

పొద్దున్న భయంగా ఉండి ఒకటి తాగాను. తర్వాత సబ్బుతో మూడుసార్లు కడిగాను. గోళ్ళ సందుల్లో వాసన పోలేదు.

గూడెం దాకా నడుస్తూ ఒకటి నిర్ణయించుకున్నాను. ఇవాళ చెప్పేస్తాను. అందరికీ కాదు, ఆయతికి ఒక్కదానికి. ఎలాగూ నా గుట్టు ఆవిడకి తెలుసు, ఎవరికీ చెప్పదనీ నాకు తెలుసు. ఆవిడ ఒక్కదానికి చెప్తే నాకు పోయేదేమీ లేదు.

గుడిసెలో మంగి బిడ్డని నా చేతుల్లో పెట్టింది. రొట్టెముక్కంత ఉంది. బయటికి తెచ్చాను. మొహాన ఎండ పడగానే కళ్ళు చికిలించింది. పెద్దవాళ్ళెవరో తేనె అందించారు. మంచి చేతి వేలితో నాలుక మీద మొదటి చుక్క వెయ్యాలట. వేశాను. బిడ్డ నా వేలు వదలకుండా చప్పరించింది. అందరూ నవ్వారు.

తల మీది బట్ట జారింది. పక్కనే నిలబడ్డ ఆయతి చెయ్యి దానంతటదే ముందుకి వచ్చి, సగంలో ఆగిపోయింది. వెనక్కి తీసుకుని చంకలో దాచుకుంది.

"బట్ట సర్దు అమ్మా," అంది నాతో.

సర్దాను.

అందరూ తింటున్నప్పుడు ఆవిణ్ణి పక్కకి పిలిచాను.

"ఆయతీ, నీ చేతిలో ఏ దోషమూ లేదు. నా మాట నమ్ము."

"అట్లనకు," అంది. చాలా నెమ్మదిగా అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. "మంగి పెద్దబిడ్డను గూడ నేనే ఎండకు తెచ్చిన. నెల తిరగకముందే పోయింది. నాలుగేండ్లసంది ఎందుకు పోయిందో తెల్వక ఏడ్చిన. ఇప్పుడు తెలిసింది. తెలిసింది కాబట్టి ఈ బిడ్డన్న మిగిలింది. అంత నీ పుణ్యం."

దణ్ణం పెట్టబోయి, ఆ చేతులే కదా అని గుర్తొచ్చి, తల వంచి ఊరుకుంది.

ఇంకొక్క మాట మిగిలింది. చుట్ట నేను తాగాను, తెగులు నేను తెచ్చాను. ఆరు మాటలు. అవి అనేస్తే ఆవిడ మనవరాల్ని ఆవిడ ఎత్తుకునేది. మంగి పిలిచింది. ఆయతి వెళ్ళింది. వెళ్ళి బిడ్డకి దూరంగా, గుమ్మం అవతల కూర్చుంది.

దోషం లేదని నేను చెప్పాను. ఆవిడే నమ్మలేదు. చెప్పానని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.